ప్రమోదకు కాస్త నేల

అంబిక మొగుడితో పోట్లాడిందనీ, రోజూ మధ్యాహ్నం చంటిదాన్నీ సంచీనీ పట్టుకుని పుట్టింటికి పోయే బస్సు కోసం కాచుకుంటోందనీ మా ఊళ్ళో చెప్పుకునేవారు. ఆమె పుట్టిల్లు కెంచార్లహళ్ళి. బస్ స్టాపు మా అంగడికి ఎదురుగానే ఉంది. ఉప్పుకో సబ్బుకో వచ్చినవాళ్ళు అటు చూసి, గొంతు తగ్గించి ఈ మాటే అనేవారు. నేను సరుకు తూచి ఇచ్చేదాన్ని.

వాళ్ళింట్లో పట్టుపురుగులు మేపుతారు. ఉన్న ఒక్క హాలు నిండా తట్టలే. పురుగులకు జబ్బు రాకుండా నేలంతా సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. వాకిట్లో గులకరాళ్ళు. అందుకని అంబిక చంటిది ప్రమోద పొద్దస్తమానం ఉయ్యాలలోనో, అవ్వ చంకలోనో ఉండేది. ఆరు నెలలు నిండినా బోర్లా పడలేదు. సూది వేసే నర్సు చూసి, పిల్లను నేలమీద వదలమనీ, పక్కన ఏదైనా మోగిస్తే అందుకోవడానికి తనే తిరుగుతుందనీ చెప్పింది. వచ్చే నెలకీ తిరగకపోతే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలంది. అప్పటినుంచి అంబికకు అన్నం సయించలేదు. ఇంట్లో ఏ మూల చాప పరిచినా అత్త అక్కయమ్మ వచ్చి, జలుబు చేస్తుందని పిల్లను ఎత్తేసుకునేది.

ఊళ్ళో నున్నటి నేల బస్ స్టాపులో ఒక్కచోటే ఉంది. అంబిక అక్కడ ఊడ్చి, సంచిలోంచి దుప్పటి తీసి పరిచి, పిల్లను పడుకోబెట్టి, స్టీలు గ్లాసులో చెంచా ఆడించేది. ప్రమోద కళ్ళు తిప్పేది, చెయ్యి చాచేది. నడుము మాత్రం కదిలేది కాదు. అంబిక పళ్ళు బిగించి మళ్ళీ మోగించేది.

ఒకరోజు పిల్ల కాలెత్తి అడ్డంగా వేసింది. తుంటి లేచింది. సరిగ్గా అప్పుడే అక్కయమ్మ వచ్చి చటుక్కున ఎత్తుకుంది.

“కుక్కలు పండుకునే తావులో పిల్లని పడేస్తావా? మనింట్లో జాగా లేదా?”

“యాడుండాది అత్తా? నువ్వే చూపించు, ఆడే పండుకోబెడతా.”

అక్కయమ్మ పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. అంబిక చెంచా పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

“ఇంకొంచేపుంటే తిరిగుండేది,” అంది, నావైపు చూడకుండానే.

సాయంత్రం మా వీధి మునివెంకటమ్మ బెల్లం కొంటూ, అత్త వచ్చి ఆపకపోతే అంబిక ఈరోజు బస్సెక్కేసి ఉండేదే అంది.

మరునాడు అంబిక మళ్ళీ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. శుక్రవారం నేను పప్పు కొలుస్తూ చూశాను. ప్రమోద బోర్లా పడి, మెడ ఎత్తి, గ్లాసును తనే తోస్తోంది.