పురుగు లేని పెన్‌డ్రైవ్

నాకు నలభై దాటాక అక్షరాలు వచ్చాయి. బడిలో కాదు, కాటన్‌పేటలో మా ఆయన ప్రెస్సులో. ఆయన కంపోజిటర్. సీసం అక్షరాలు గళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి, వరుసగా పేర్చి పెళ్ళి పత్రికలు వేసేవాడు. వాడిన అక్షరాలను మళ్ళీ ఏ గడివి ఆ గడిలో వేయడానికి మనిషి దొరక్క నన్ను కూర్చోబెట్టాడు. సీసం అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. అందుకని నాకు ముందు తిరగబడిన తెలుగు వచ్చింది, తర్వాత మామూలు తెలుగు. కన్నడం బస్సుల మీది బోర్డులు చూసి వచ్చింది. ఇంగ్లీషు వచ్చని చెప్పను. అక్షరాలు గుర్తుపడతాను, అంతే.

గొప్పకు చెప్పడం లేదు. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఎట్లాంటిదో తెలియకపోతే తక్కిన సంగతి అర్థం కాదు.

తొంభైలు ముగిసేసరికి సీసంతో పత్రికలు వేయించుకునేవాళ్ళు కరువయ్యారు. మిషను పాత ఇనుముకు పోయింది. మా ఆయన ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చి షాపులో పెట్టి, దాన్ని మాత్రం ముట్టనన్నాడు. కాబట్టి నేను ముట్టాను. నేను మ్యాటర్ కొట్టేదాన్ని, కాగితం మీద తీసిస్తే ఆయన ప్రూఫు చూసేవాడు. దిద్దినది నేను ముందు ఫ్లాపీలో, తర్వాతి రోజుల్లో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క వీధిలోని ఆఫ్‌సెట్ ప్రెస్సుకు తీసుకుపోతే వాళ్ళు అచ్చు వేసిచ్చేవాళ్ళు.

పేటలో ఎప్పటినుంచో ఉన్న తెలుగు వ్యాపారస్తులే మా గిరాకీ. బయట రంగురంగుల షాపులు ఎన్ని వచ్చినా వాళ్ళు మా దగ్గరికే రావడానికి ఒకటే కారణం. ఆ ఇంటి పత్రిక మా దగ్గర ఉంటుంది. ఇంటి దేవుడు ముందా, ఊరి దేవత ముందా, పోయిన పెద్దల పేర్లు ఏ వరుసలో రావాలి, ఏ మేనమామను వదిలేస్తే పెళ్ళి పందిట్లో గొడవ అవుతుంది, అన్నీ పోయినసారి పత్రికలో ఉంటాయి. తమ్ముడి పెళ్ళికి అన్న పత్రిక తెరిచి, మార్చవలసినవి మార్చి ఇచ్చేదాన్ని. కంప్యూటర్‌లో ఉన్న ఆ పాత పత్రికలే మా షాపు. అవి తీసేస్తే మిగిలేది ఒక బల్ల, రెండు కుర్చీలు.

ఆ కంప్యూటర్‌కు వైరస్ పట్టని వారం లేదు. మా ఆయన దాన్ని పురుగు అనేవాడు. మా ఇంటి మేడ మీద అద్దెకుండే ఆవిడ ఊరికి ఆ చివర బ్రూక్‌ఫీల్డ్‌లో ఏదో కంపెనీలో పనిచేసేది, కోస్తా మనిషి. ఒక ఆదివారం షాపుకొచ్చి, ఉన్నదంతా తుడిచి లైనక్స్ అనే వేరే సిస్టం వేసింది. పాత పత్రికలు మాత్రం భద్రంగా తీసి మళ్ళీ పెట్టింది.

“ఇంక టెన్షన్ లేదు ఆంటీ. దీనికి వైరస్ రాదు. హ్యాపీగా వర్క్ చేసుకోండి” అంది.

నిజమే, ఆ తర్వాత మా కంప్యూటర్ మొండికేయలేదు. ఆవిడ మాత్రం రోజూ బస్సులో అంత దూరం పోలేక ఆఫీసు దగ్గరికే ఇల్లు మారిపోయింది.

తంటా ఆఫ్‌సెట్ ప్రెస్సులో మొదలైంది. దాని యజమాని కన్నడిగుడు, మాతో మా తెలుగే మాట్లాడేవాడు, నడుమ కన్నడం ముక్కలు కలిపి. ఒకనాడు నా పెన్‌డ్రైవ్ చేతికి తీసుకోకుండా బల్ల మీదే ఉంచి చూశాడు.

“అమ్మా, ఇది పెట్టినప్పుడంతా నా సిస్టంకి జ్వరం వస్తా ఉండాది.”

“మా దాంట్లో వైరస్ రాదప్పా. లైనక్స్ అది.”

“నీకు రాదు. నాకిస్తావు. దోమకు మలేరియా వస్తాదా చెప్పు?”

పక్కనున్న పనివాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.

“ఇంగొక్కసారి వచ్చిందంటే బేడవే బేడమ్మా. నీ పని నేను ముట్టను” అన్నాడు. తమాషాకు అన్న మాట కాదు. ఆయన ముట్టకపోతే పేటలో మా పత్రికలు వేసే ఇంకో ప్రెస్సు లేదు.

బ్రూక్‌ఫీల్డ్ ఆవిడకు ఫోన్ చేశాను. పాత పత్రికలకు లైనక్స్ వేయక ముందే పురుగు పట్టిందట. లైనక్స్‌లో అది కదలదు, చావదు. వేరేవాళ్ళ కంప్యూటర్‌కు చేరగానే లేస్తుంది.

“యాంటీవైరస్ వేసుకోండి ఆంటీ. నేను చెప్తుంటా, మీరు టైప్ చేయండి.”

లైనక్స్‌లో బొమ్మలు నొక్కి పని కానివ్వడం ఒక పద్ధతి. ఆవిడ చెప్పింది రెండోది. తెర అంతా నల్లగా అవుతుంది, అందులో ఇంగ్లీషు అక్షరాలు మనమే కొట్టాలి. ఒక్క అక్షరం తప్పినా అలాంటిది లేదు పొమ్మంటుంది. నేను ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాను. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండాలంది. అది నాకు చెప్పనక్కర లేదు, మా ప్రెస్సులో ఎడానికి కూడా ఒక సీసం ముక్క ఉండేది. తర్వాత కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. కొడుతున్నాను, తెర మీద ఏమీ రావడం లేదు.

“అక్షరాలు పడలేదమ్మా.”

“పడతాయి ఆంటీ. కనిపించవు.”

“కనపడకపోతే పడినట్టు నాకెట్ల తెలుస్తాది?”

“తెలీదు ఆంటీ. కొట్టేసి ఎంటర్ నొక్కండి.”

మా ఆయన కుర్చీలోంచి మెడ సాచాడు. “కనపడకుండా రాయమంటాదా? మరి ప్రూఫు ఎవుడు చూడల్ల మే?”

“నువ్వు ఊకుండు” అన్నాను. ఎన్నిసార్లు తప్పు కొట్టానో తెలియదు, చివరికి ఒప్పుకుంది. యాంటీవైరస్ దిగింది. దానికి పురుగులను పోల్చుకునే గుర్తులు కూడా తెప్పించాలంది ఆవిడ. అవి దిగుతుంటే మధ్యమధ్య లైను తెగేది, మళ్ళీ మొదటికొచ్చేది. ఆ రోజు దానికే సరిపోయింది.

మర్నాడు పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్నీ పత్రికల ఫోల్డర్‌నూ కలిపి వెతకమన్నాను. తెర మీద పేర్లు పైకి పాకడం మొదలైంది. అన్నీ నేను పెట్టిన పేర్లే, ఒక్కో ఇంటిది. పక్కన ఫౌండ్, ఫౌండ్ అని పడుతూ పోయింది. ఒక్క ఇల్లు మిగల్లేదు. దొరికినవి చూపించింది గానీ, దేన్నీ ఏమీ చేయలేదు.

ఫోన్ చేస్తే ఆవిడ గొంతు తగ్గించి, “మీటింగ్‌లో ఉన్నా ఆంటీ, ఈవినింగ్ కాల్ చేస్తా” అంది. సాయంత్రం దాకా ఆగడానికి లేదు. నూలు వ్యాపారం చేసే పెద్దమనిషి కూతురి పత్రిక ఆ పొద్దు ప్రెస్సుకు చేరాలి. ఆయన పొద్దుటి నుంచీ మనిషిని పంపుతూనే ఉన్నాడు.

సహాయం కావాలంటే ఏ మాట కొట్టాలో ఆవిడ ముందే చెప్పింది. కొట్టాను. తెర నిండా ఇంగ్లీషు. నేను అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. మా ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని వచ్చి నిలబడ్డాడు. ఆయనకు ప్రెస్సు ఇంగ్లీషు కొంత వచ్చు.

“అదో, రిమూవ్. అది కొట్టు.”

“అంటే?”

“తీసెయ్ అని.”

“దేన్ని తీస్తాదో?”

ఆయనకు కోపం వచ్చింది. “ఇన్నేండ్లు నేను ప్రూఫులు దిద్దేది చూస్తివే. తీసెయ్ అని గుర్తు పెడితే యేం చేస్తాం? తప్పు అక్షరం తీసేస్తాం. పేజీ పారేస్తామా? పురుగును తీస్తాది, పత్రిక ఉంటాది. కొట్టు.”

ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఇప్పుడు ఆలోచించినా తప్పు కనపడదు. మేము బతికిన చోట తీసెయ్ అంటే అదే. ముందు రెండు చిన్న గీతలు పెట్టి ఆ మాట కొట్టాను.

మళ్ళీ పేర్లన్నీ పాకాయి. అయిపోయాక ఇంకోసారి వెతికించాను. కింద పురుగు పట్టినవి అన్న చోట సున్నా వచ్చింది. మా ఆయన వేలితో ఆ సున్నాను తెర మీద తాకి చూశాడు. కంప్యూటర్‌ను ఆయన ముట్టుకోవడం అదే మొదలు.

“పో, వానికి చూపించు” అన్నాడు.

పెన్‌డ్రైవ్ పీకి తీసుకుపోయాను. ఆఫ్‌సెట్ ఆయన పెట్టి, తన యాంటీవైరస్‌తో వెతికించాడు. పురుగు దొరికితే మోగే గంట మోగలేదు.

“పరవాలేదే. ఇవత్తు క్లీన్ ఉండాది” అన్నాడు. ఈ రోజుకు క్లీన్ అని మెచ్చుకోలుగానే అన్నాడు. తర్వాత తెరిచాడు. ఇటు నొక్కాడు, అటు నొక్కాడు.

“అమ్మా, ఇందులో పత్రిక యాడుంది?”

“చూడప్పా, ఉండాది.”

“నువ్వే చూడు.”

తెల్లగా ఉంది. నేను షాపుకు పరుగెత్తలేదు. నా వయసుకు పరుగు రాదు, పైగా దారిలోనే తెలిసిపోయింది. ఫోల్డర్ తెరిచాను. అదీ తెల్లగానే ఉంది. మా ఆయన ఏమైందని అడిగాడు, చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడిచాడు.

సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. జరిగింది చెప్పాను.

“అయ్యో ఆంటీ… రిమూవ్ అంటే ఫైల్ మొత్తం డిలీట్ అయిపోతుంది. బ్యాకప్ ఏమైనా తీసి పెట్టారా?”

“అంటే?”

“ఇంకో కాపీ.”

“లేదమ్మా.”

ఆవిడ ఆదివారం వచ్చి పొద్దంతా వెతికింది. కొన్ని ముక్కలు బయటపడ్డాయి. సగం పేర్లు, సగం చుక్కలు, గీతలు. ఒకచోట శ్రీరస్తు అని ఉంది, దాని కింద ఏమీ లేదు. ఇంతకంటే రాదు ఆంటీ, అంది.

అంతకుముందే, నూలు ఆయన ఇంట్లో మిగిలిన పాత అచ్చు పత్రిక తెప్పించుకుని, అది చూసి మళ్ళీ కొట్టడానికి కూర్చున్నాను. వేలితో వెతికి కొట్టే మనిషిని. అది అయ్యేలోపల ఆయన నేరుగా ఆఫ్‌సెట్ ప్రెస్సుకే పోయి చేయించుకున్నాడు. మంచి మనిషి, వచ్చి చెప్పే పోయాడు. “ఏమనుకోవద్దు తల్లీ, ముహూర్తం దగ్గరికొచ్చేసింది.” ఆఫ్‌సెట్ ఆయన తెలుగు కొట్టే అమ్మాయిని పెట్టుకున్నాడు. తక్కిన ఇళ్ళవాళ్ళూ అట్లాగే అటు పోయారు. మా దగ్గర వాళ్ళ పత్రిక లేనప్పుడు వాళ్ళు మా దగ్గరికి ఎందుకు రావాలి? నేనైనా రాను.

కొన్నాళ్ళు షాపు తెరిచి కూర్చున్నాం. తర్వాత తాళం చెవి షాపు యజమానికి ఇచ్చేశాం. ఇప్పుడక్కడ ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. ఆ మాట ఎవరు కొట్టమన్నారు, ఎవరు కొట్టారు అని మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే కాస్త మేలేమో.

మా ఆయన పొద్దున పేపరు చదువుతాడు. వెనకైతే పెన్సిలు పట్టుకుని చదివేవాడు, తప్పులకు గుర్తులు పెడుతూ. ఇప్పుడు తప్పు దగ్గర ఆయన వేలు ఆగడం నేను చూస్తుంటాను. కొంచెం సేపు ఆగి, కింది లైనుకు పోతుంది.