పచ్చరంగు కింద టేకు

పోయిన ఆదివారం పుంగనూరులో మా వీధిలోకి పాతసామాన్ల ఆటో వచ్చింది. రికార్డు చేసిన గొంతు ఒకటి "పాత ఇనుము, పాత పేపర్లు, పాడైపోయిన టీవీలు, మిక్సీలు" అని అరుస్తుంటే, ఆటో అతను ప్రతి ఇంటి ముందూ కాసేపు ఆగి, ఈ వారం వీళ్లేమైనా పాడుచేసుకున్నారా లేదా అన్నట్టు చూసి కదులుతాడు. ఆ రోజు ఆటో వెనక, విరిగిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య నడుమెత్తు స్పీకరు పెట్టె ఒకటి పడుకోబెట్టి ఉంది. ముందు గుడ్డ చినిగిపోయింది. లోపలి స్పీకరు ఎవరో పీకేశారు. పెట్టె చుట్టూ నీలం ఎనామిల్ పెయింటు పూసి ఉంది. నేను వంటింట్లోకి పరుగెత్తి చాకు తెచ్చి దాని అంచును గీకి చూశాను. "ఏంది మేడమ్, లోపల బంగారముందా?" అన్నాడతను. రంగు కింద ఉన్నది మామూలు అట్టచెక్క. నేను ఉసూరుమన్నాను, అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి నడివీధిలో చాకు పట్టుకుని చెత్త ఆటో ఎక్కబోవడమేమిటని ఎదురింటావిడ నన్ను చూసిన చూపు ఇంకా పోలేదు. ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. ఈ అలవాటు నాకు అంటించింది కుప్పంలో ఉండే మా పిన్నమ్మ.

పిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మనిషి పొట్టి, మాట గట్టి. ఏ పనైనా తలపెడితే పూర్తయ్యేదాకా తిండి కూడా నిలబడే తింటుంది. ఆవిడ భర్త, మా చిన్నాయన, రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యాడు. ఆయన మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లోనూ సగం రేడియోల గురించే. పెళ్లయిన కొత్తలో రామకుప్పం దగ్గర వాళ్ల పాతిల్లు కూల్చినప్పుడు అందరూ దూలాలూ గడపలూ పంచుకుంటే, చిన్నాయన మాత్రం అన్నదమ్ములతో పట్టుబట్టి రెండు టేకు తలుపులు తెచ్చుకున్నాడట. ఆ ఊరి వడ్రంగి ఆచారి పక్కన కూర్చుని, సెలవు దొరికినప్పుడల్లా పనిచేసి, ఆ తలుపుల్ని కోసి ఒక్క మేకు కూడా పైకి కనబడకుండా రెండు స్పీకరు పెట్టెలు చేశాడు. వాటికి తనే రంగెక్కించాడు, తనే లక్క పాలిష్ పట్టాడు. నా చిన్నతనంలో వేసవి సెలవులకు వెళితే ఆ పెట్టెల ముందు చాప పరుచుకుని పడుకునేదాన్ని. పాట మొదలైతే నేల సన్నగా అదిరి వీపుకు తగిలేది. చెంప ఆనిస్తే చెక్క చల్లగా, నున్నగా, కాస్త తేనె వాసనగా ఉండేది. "చెయ్యి పెట్టు, పరవాలేదు, గోరు మాత్రం పెట్టగాకు" అనేవాడు చిన్నాయన. ఆయన నాకు చెప్పిన పొడవైన వాక్యాల్లో అదొకటి.

ఆ పెట్టెలకు పిన్నమ్మే ఒకసారి పచ్చ పెయింటు పూసింది. ఆడపడుచు కూతురి నామకరణానికి ఇల్లంతా సున్నాలు కొట్టించారు. కిటికీలకు వేయగా ఆకుపచ్చ ఎనామిల్ సగం డబ్బా మిగిలింది. చిన్నాయన మూడు రోజులు డ్యూటీ మీద వేరే స్టేషనులో ఉన్నాడు. అన్నీ కొత్తగా మెరుస్తుంటే ఇవి మాత్రం నల్లబడి పాతగా ఉన్నాయని పిన్నమ్మ వాటికి రెండు పూతలు వేసింది. ఆయన వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాక "బాగుండాది" అన్నాడట. వారం తర్వాత "దుమ్ము పడతాంది, వీటికి ముసుగులు కుట్టు" అన్నాడు. పిన్నమ్మ పూలపూల గుడ్డతో ముచ్చటగా కుట్టింది. ఆ ముసుగులు దుమ్ము కోసం కాదని, ఆ పచ్చరంగు చూడలేకని ఆవిడకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అర్థమయ్యాక ఆయన్ను అడగలేకపోయింది, ఆయనా చెప్పలేదు. వాళ్లిద్దరి మధ్య ఇంకే పొరపొచ్చాలూ ఉన్నట్టు నాకు తెలియదు. అదొక్కటీ అలా ముసుగు కింద ఉండిపోయింది.

రిటైరయ్యాక చిన్నాయనకు కళ్లలో నీటికాసులు వచ్చాయి. చాలా ఆసుపత్రులు తిరిగారు. మూడేళ్లలో చూపు పూర్తిగా పోయింది. చూపు పోయినవాళ్లు పాటలకు దగ్గరవుతారని మేమంతా అనుకున్నాం, ఆయన అది కూడా మానేశాడు. రేడియో పెడితే "ఆపు" అనేవాడు. లోపలి గదిలో కుర్చీలో కూర్చుని, పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. పిన్నమ్మ ఫోనులో "మీ చిన్నాయన ఇంట్లో ఉండాడు గానీ లేడమ్మా" అనేది.

నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో, రామకుప్పం దగ్గర సొంతూళ్లో ఉంటున్న చిన్నాయన వాళ్లన్న కుప్పం వచ్చాడు. వాళ్లకు అడవి పక్కనే చేను. ఏనుగులు దిగి రాగి పైరు తొక్కిపోయాయట. "ఆ పెట్టెలు ఊరికే గదా పడుండాయి, మాకియ్యండి. చేన్లో పెట్టి పులి అరుపు వేస్తే ఏనుగులు ఈ పక్కకే రావంట" అన్నాడు. చిన్నాయన తల కూడా తిప్పకుండా "తీస్కపో అన్నా. నాకెందుకింక" అన్నాడు. టేకు తలుపుల కోసం అన్నదమ్ములతో ఎదురు మాట్లాడిన మనిషి ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నాడంటే, ఆయన పెట్టెలనే కాదు, ఇంకేదో కూడా వదిలేస్తున్నాడని పిన్నమ్మకు తోచింది.

"అవి యాడికీ పోవు బావా" అంది.

"పాడైనవాటికి ఇంత యాలమ్మా?" అన్నాడు చిన్నాయన వాళ్లన్న.

"పాడు సేసింది నేనే. బాగు సేసేది గూడా నేనే."

మరునాడు పొద్దున్నే బస్సెక్కి పుంగనూరులో దిగింది. సంచిలో పెట్టె ముందు గుడ్డ బిగించే చట్రం ఒకటి పట్టుకొచ్చింది. నాకు సెలవులు. ఇద్దరం మదనపల్లె వెళ్లాం. టమాటా లారీల మధ్యలోంచి దారి చేసుకుని, నాకు తెలిసిన పాలిష్ సాయిబు దుకాణానికి చేరాం. ఆయన మా బడి బీరువాలకు పాలిష్ పట్టిన పెద్దాయన. తెల్లగడ్డం, చేతులు మాత్రం మణికట్టు దాకా ముదురు గోధుమ రంగు, కడిగినా పోనిది. చట్రాన్ని అటూ ఇటూ తిప్పి, చివర చిన్న బ్లేడుతో గీకి, "టేకు!" అన్నాడు. తర్వాత మా ఇద్దరివంకా చూసి "దీని మీద ఈ పచ్చ పూసిందెవరమ్మా?" అని అడిగాడు. పిన్నమ్మ తల దించుకోకుండా "నేనే భాయ్" అంది. ఆయన చట్రాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఫరవాలేదమ్మా. ఎనామిల్ కొయ్యలోకి దిగదు, పైనే కూసోనుంటాది. పెట్టెలు పంపీయి, నేను సేసిస్తా" అన్నాడు. పిన్నమ్మ ఒప్పుకోలేదు. నేర్పించమంది. ఆయన నవ్వి, దుకాణం ముందు గోనెపట్టా పరిచి, ఆ చట్రం మీదే మధ్యాహ్నం దాకా నేర్పించాడు. రంగు ఊడదీసే మందు పూసి అది ముడతలు పడేదాకా ఆగడం, మొద్దు బ్లేడుతో గీకడం, ముతక ఉప్పుకాగితంతో, అదే సాండ్‌పేపరుతో, మొదలుపెట్టి సన్నదానికి రావడం, ఎప్పుడూ కొయ్య చారల వెంబడే రుద్దడం, కొయ్యరంగును గుడ్డతో పట్టించి వెంటనే తుడవడం, స్పిరిట్‌లో కరిగించిన లక్కను దూది పొట్లంతో పల్చగా, ఆరిందాని మీద మళ్లీ, మళ్లీ. పిన్నమ్మ చెయ్యి తొందరపడినప్పుడల్లా "హల్లూ హల్లూ అమ్మా, జల్దీ నక్కో" అనేవాడు, మెల్లగా కానీ, తొందర వద్దని. నెమ్మది నేర్పడం ఆయనకు నూటికి నూరుపాళ్లు చేతనైన పని. నేర్చుకోవడం మా పిన్నమ్మకు పుట్టాక అదే మొదలు.

నేనూ ఆవిడతో కుప్పం వెళ్లాను. పిన్నమ్మ ముందు స్పీకర్ల తీగల్ని ఫోనులో ఫొటోలు తీసుకుని, ఒక్కొక్కదాన్నీ విప్పి, లోపలి సామానంతా పాత దుప్పటిలో చుట్టి మంచం కింద పెట్టింది. చిన్నాయన పాత రైల్వే చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని, చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకుని వరండాలో కూర్చుంది. మందు వాసనకు కళ్లు మండేవి. పచ్చరంగు పుండు మీది పొరలా లేచి, చుట్టలుచుట్టలుగా ఊడి కాగితాల మీద పడేది. దాని కింద కొయ్య కనబడ్డ మొదటి చోట పిన్నమ్మ గ్లౌజు తీసేసి వేలితో తాకి చూసింది.

లోపల్నుంచి చిన్నాయన అడిగాడు. "నాకేం కనబడతాదని ఈ యాతన?"

"నాకు కనబడతాది గదా" అంది పిన్నమ్మ. "ఇరవై ఏడేండ్లుగా కనబడతానే ఉండాది."

నేను కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

తొమ్మిదో రోజో పదో రోజో, రెండో పెట్టె పైభాగం ఉప్పుకాగితంతో రుద్దుతోంది పిన్నమ్మ. భుజాలు నొప్పి పుట్టి కూర్చున్న పక్క మార్చుకుంది. నేను మొదటి పెట్టె దుమ్ము తుడుస్తున్నాను. ఉన్నట్టుండి లోపల్నుంచి గొంతు వచ్చింది.

"అడ్డంగా రుద్దుతాండావు."

ఇద్దరం ఆగిపోయాం. "ఏందీ?" అంది పిన్నమ్మ.

"కొయ్య చార ఆ పక్క నుంచి ఈ పక్కకు ఉంటాది. నువ్వు అడ్డంగా రుద్దుతాండావు. సప్పుడు తెలుస్తాంది గదా."

వంగి చూస్తే నిజమే. పక్క మార్చుకున్నప్పుడు చెయ్యి కూడా దిక్కు మార్చింది. అంతకంటే పెద్ద సంగతేమిటంటే, ఎవరూ అడక్కుండా ఆయన నోరు తెరవడం నెలల తర్వాత అదే మొదటిసారి. పిన్నమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా వచ్చింది. "ఆడ కూసోని సెప్తే నాకెట్ల తెలుస్తాది? వచ్చి సూపియ్యండి."

గోడ పట్టుకుని వచ్చాడు. పిన్నమ్మ లేచి తన పీట ఇచ్చింది. ఆయన రెండు అరచేతులూ చెక్క మీద ఆనించాడు. తర్వాత వేలి కొనలతో అంగుళం అంగుళం తడుముతూ "ఈడ గీత ఉండాది. ఈడ బ్లేడు దిగింది. ఇది పాత తలుపు గొళ్లెం బొక్క, దీన్ని నేనే పూడ్సినా" అని చెప్పుకుంటూ పోయాడు. ఆయన చూపిన గీతలు నేను కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను లైటు వేసుకుని వెతికినా కనబడలేదు. ఒక చోట నేను పట్టుబట్టాను, ఇక్కడేమీ లేదని. రంగు పట్టించిన రోజు సరిగ్గా అక్కడే నల్లటి చార లేచింది. అది మళ్లీ రుద్ది మొదటికి తేవడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ఆయన వేళ్లు సరే అనందే ఏ పలకకూ రంగు పట్టలేదు.

ఉప్పుకాగితం పని ఆయనదైంది. రంగు, లక్క పిన్నమ్మవి. వరండాలో ఇద్దరూ చెరో పెట్టె ముందు కూర్చుని కొట్లాడుకోవడం చూస్తే కొత్త దంపతులంటే నమ్మవచ్చు. మధ్యలో ఒక వాన పడి, ఆ తేమకు ఆరని లక్క మజ్జిగ పోసినట్టు తెల్లబడింది. పిన్నమ్మ గాబరాపడి సాయిబుకు ఫోను చేస్తే ఆయన "ఎండ రానీమ్మా, స్పిరిట్ గుడ్డతో తుడువు, పోతాది" అన్నాడు. పోయింది. నాకు బడులు తెరిచే రోజు దగ్గరపడి పుంగనూరు వచ్చేశాను. పని పూర్తయ్యాక పిన్నమ్మ ఫోను చేస్తే, ఆదివారం చూసుకుని మళ్లీ వెళ్లాను. మొదలుపెట్టి అప్పటికి నలభై రోజులు.

సాయంత్రం ఎండ వాలి వరండాలోకి వచ్చేవేళ పెట్టెలు రెండూ గోడ పక్కన నిలబెట్టి ఉన్నాయి. చిన్నాయన ఒకదాని మీద చెయ్యి వేసి "ఏం రంగు వచ్చింది?" అని అడిగాడు. నేను చెప్పబోతే పిన్నమ్మ నన్ను ఆపింది. చాలాసేపు చూసి చెప్పింది. "నెయ్యి కాంచినప్పుడు అడుగున ఎర్రగా మిగుల్తాది సూడండి, ఆ రంగు. ఎండ పడిన కాడ ఇంకా ఎరుపు. ఆచారి కలిపిన అతుకు కాడ రెండు చారలు ఒకదాన్నొకటి తగిలి విడిపోయినట్టుండాయి."

"అవును" అన్నాడాయన. "అది నాకు తెలుసు. ఆ అతుకు కోసం మూడు దినాలు పట్టింది."

"ఆ పచ్చ ఎందుకు పూసినానో" అంది పిన్నమ్మ. "మీరన్నా ఒక్క మాట అన్లేదు. తిట్టుండకూడదా?"

చిన్నాయన చెయ్యి పెట్టె మీదే ఉంది. "తిట్టుండాల్సింది. నువ్వు ఏడ్సుంటావు, నాలుగు దినాలు మాట్లాడకుండా ఉంటావు, ఆ ఏడే ఇద్దరం కూసోని గీకేసుంటాం. సూపు ఉన్నప్పుడే మల్లా సూసుకోనుంటాను. నీది సగం తప్పు, నాది సగం."

పిన్నమ్మ అప్పుడు ఏడ్చింది. ఆయన తడుముకుని ఆవిడ భుజం పట్టుకున్నాడు. రైల్వే చొక్కా మీద అంటిన లక్క మరకలు ఆయన వేళ్లకు తగిలినట్టున్నాయి. "నా సొక్కా నాశనం సేసినావు" అన్నాడు. పిన్నమ్మ ఏడుపులోనే నవ్వింది.

పిన్నమ్మ ఫోనులోని ఫొటోలు చూసి తీగలన్నీ మళ్లీ కలిపింది. ఇప్పుడు చిన్నాయన పొద్దున వార్తలు, సాయంత్రం పాటలు ఆ పెట్టెల్లోనే వింటాడు. వీధిలో ఎవరైనా పాత కుర్చీకో పెట్టెకో పాలిష్ పట్టాలనుకుంటే ముందు ఆయన దగ్గరికి తెస్తారు, చెయ్యి పెట్టి చూడమని. కానుకేమీ పుచ్చుకోడు గానీ, తప్పు దొరికితే మాత్రం ఒకటికి రెండుసార్లు చెబుతాడు. సాయిబుకు ఆ పెట్టెల ఫొటో చూపిస్తే, నేను ఇంకో మాట అనకముందే ఫోను పట్టుకెళ్లి దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చూపించి వచ్చాడు. నేను ఇంతవరకు చాలామంది పట్టుదల గలవాళ్లను చూశాను. ఎవరికీ కనబడని తప్పును, అది తెలిసిన ఇంకొక్క మనిషి కూడా చూడలేని కాలంలో, భుజాలు పడిపోయేదాకా దిద్దుకున్నది మా పిన్నమ్మ ఒక్కతే.

ఇరవై ఏడేళ్ల పక్కన నలభై రోజులు ఏపాటివి? అయినా వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా వాళ్లు చెప్పుకునేవి ఆ నలభై రోజుల ముచ్చట్లే. ఆ ఇరవై ఏడేళ్లు ఎటు పోయాయని అడిగితే వాళ్లిద్దరూ చెప్పలేరు, నా ముప్పై ఏళ్ల బడి జీవితం ఎటు పోయిందంటే నేనూ చెప్పలేను.