జల్లెడ పట్టిన మట్టి

మా ముత్తాత వెంకటనరసింహారావు గారు ఆత్మకూరు సంస్థానం కింద మూడు ఊళ్లకు మక్తాదారు. ఆ ఊళ్ల శిస్తు వసూలు చేసి, సంస్థానానికి చెల్లించాల్సింది చెల్లించి, మిగిలింది అనుభవించే హక్కు ఆయనది. మా తాత రాఘవరావు గారి కాలానికి మక్తా పోయినా మాట పోలేదు. గట్టు తగాదా ఏదైనా మా అరుగు మీదే తేలేది. మా నాన్నగారి కాలానికి అరుగు ఉంది, తగాదాలు తెచ్చేవారు లేరు. నాకు ఇంటిపేరూ, ఎవరూ దున్నని రెండెకరాల బీడూ మిగిలాయి. మా వంశంలో మట్టిని మొదటిసారి చేత్తో పట్టుకున్నవాణ్ణి నేనే. అది కూడా దున్నడానికి కాదు, తూకం వేసి గాజు గొట్టంలో పోయడానికి.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను వనపర్తిలో ఒక రైతు సంఘం వాళ్ల చిన్న సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రెండు గదులు, నాలుగు యంత్రాలు, గోడ వెంట వరసగా మట్టి సంచులు. రైతు అరకిలో మట్టి తెస్తాడు. దాన్ని నీడన ఆరబెట్టి, మెత్తగా దంచి పరీక్షిస్తాం. పీహెచ్ అంటే మట్టి పులుపా, చౌడా అన్న లెక్క. ఆర్గానిక్ కార్బన్ అంటే పేడ, ఆకు కుళ్లి మట్టిలో ఎంత కలిసిందన్న లెక్క. భాస్వరం, పొటాష్ వంటివి కూడా చూసి, ఏ ఎరువు ఎంత వేయాలో కార్డు మీద రాసిస్తాం.

శ్రావణంలో ఒక ఉదయం మణెమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. వెనకే ఆమె భర్త కుర్మయ్య వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సారూ, జర ఈ మన్ను సూడున్రి. రెండేండ్ల సంది పల్లి చేను నన్ను ఆగం జేస్తుంది. చెట్టు మంచిగ గుబురుగ అయితది. పీకి సూస్తే అన్నీ పొల్లు కాయలే, లోపట గింజ లేదు."

"ఈపారి గూడ గట్లనే అయితే చేను కౌలుకిచ్చి బొంబాయి పోతం సారూ" అన్నాడు కుర్మయ్య.

"పోతే నువ్వు పో. పదేండ్లు ఆడ సిమెంటు తట్టలు మోసి కొన్న చేను. ఒకరికి కౌలుకిచ్చేతందుకు కొనలే."

సంచి విప్పాను. నల్లటి మట్టి, పిండిలా మెత్తగా ఉంది, ఒక్క రాయి లేదు. రిజిస్టరులో రాసుకోవడానికి ఊరి పేరు, సర్వే నంబరు అడిగాను. నంబరు వినగానే కలం ఆగింది. ఆత్మకూరు అవతల మా నాన్నగారు అమ్మిన నాలుగెకరాల ఎర్ర చెలక, సారం తక్కువైన తేలిక నేల అది.

మట్టి తెచ్చిన ప్రతి రైతునూ మేము మూడు ప్రశ్నలు అడగాలి. చేనులో ఏ ఏ చోట్ల తీశారు, ఎన్ని చోట్ల తీశారు, ఎంత లోతున తీశారు. ఆ రోజు నేను అడగలేదు. అడిగితే ఆ చేను ఆనవాళ్లు మాట్లాడుకోవాలి, మాట మా నాన్నగారి దాకా వస్తుంది. "వారం తర్వాత రండి" అని తల వంచుకుని రాసుకున్నాను.

ఆర్గానిక్ కార్బన్ చాలా ఎక్కువ వచ్చింది. భాస్వరం, పొటాష్ కూడా అంతే. ఎర్ర చెలకలో అంత సారం నేనెన్నడూ చూడలేదు. పరీక్ష మళ్లీ చేశాను, అదే వచ్చింది. యంత్రం సరిగానే ఉంది. అడగాల్సింది మనిషిని. అడగకుండానే కార్డు రాశాను: డీఏపీ ఆపండి, ఈ పంటకు ఎరువు అవసరం లేదు.

కార్డు అందుకుని మణెమ్మ నా మొహం కాసేపు పరీక్షగా చూసింది. నేనేదో అంటానని ఎదురుచూసినట్టు అనిపించింది. నేను తర్వాతి సంచి విప్పాను. "సూసినవా, మన మన్నెట్లున్నదో" అని భర్తతో గట్టిగా అంటూ వెళ్లిపోయింది.

బతుకమ్మ పండుగకు విత్తనం పడింది. దీపావళి దాటిన వారానికి ఆమె ఒక్కతే వచ్చింది. వేళ్లతో సహా పీకిన మొక్కను కాగితంలో చుట్టి తెచ్చి నా ముందు విప్పింది. జానెడు కూడా ఎదగలేదు, ఆకు పాలిపోయి పసుపెక్కింది.

"మీ కార్డు జెప్పినట్టే జేసిన సారూ. చిటికెడు మందు ఎయ్యలే. చేనుకు కామెర్లు వచ్చినట్టున్నది."

"కుర్మయ్య రాలేదేం?"

"బ్యాగు సదురుకుంటుండు."

నేను బల్ల సర్దేసి, ఆమెతో పాటే ఆత్మకూరు బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటో. ఆ ఊళ్లోకి అడుగుపెట్టి పదిహేనేళ్లు దాటింది. చేను గట్టున కుర్మయ్య ఉన్నాడు. మొక్కల మధ్య కూర్చుని తాపీతో జానెడు లోతు తవ్వాను. ఎర్రటి మట్టి. ప్రతి పిడికిట్లోనూ రాళ్లు.

"మణెమ్మా, మీరు ల్యాబుకు తెచ్చింది ఈ మట్టి కాదు."

ఆమె కొంగు సర్దుకుంది. కుర్మయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "జెప్పు, జెప్పు. జల్లెడ సంగతి గూడ జెప్పు."

"నువ్వు నోర్మూస్కో" అని, ఆమె బాట పక్కనున్న మూల చూపించింది. "ఎండకాలం గొర్లోళ్లు ఆడ పది దినాలు మంద కట్టిన్రు. ఆ తావుల తీసిన. పిండి జల్లెడతోని జల్లించి తెచ్చిన."

గొర్రెల మందను రాత్రుళ్లు చేనులో నిలపడం మా వైపు పాత అలవాటే. పెంట, మూత్రం పడి నేల బాగుపడుతుంది. కానీ ఆ మంద నిలిచింది నాలుగెకరాల్లో ఒక్క మూలన. నేను కొలిచింది ఆ మూలను.

"ఎందుకట్లా చేశారు?"

"మీరు దొరోళ్ల ఇంటి సారని నాకు ముందే ఎరుక. దొరల చేతిల ఉన్ననాడు గిది ఉత్త రాళ్ల చెలక. నా చేతికొచ్చినంక ఎట్లయిందో మీరు కండ్లార సూడాలనుకున్న. మీ ముందర రాళ్ల మన్ను పెడ్తనా?"

"పెండ్లిసూపులల్ల చెల్లెను సూపి అక్కను అంటగట్టినట్టు" అన్నాడు కుర్మయ్య.

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక నేను చెప్పాల్సింది ఒకటి మిగిలింది. తప్పు ఒప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు, అందుకని కొంచెంసేపు పట్టింది. "మట్టి ఎక్కడ తీశారని అడగడం నా పని. సర్వే నంబరు విని అడగలేకపోయాను. తప్పు నాది."

మణెమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "అయితె ఇద్దరం ఇద్దరమే" అంది.

ఆ మధ్యాహ్నమే మట్టి మళ్లీ తీశాం. చేనంతా వంకరటింకరగా నడుస్తూ తొమ్మిది చోట్ల, మంద మూలనూ గట్లనూ వదిలేసి, ప్రతి చోటా జానెడు గుంత తవ్వి, దాని గోడను పైనుంచి కిందికి గీరి ఒక పొర మట్టి తీసుకోవాలి. అంతా గోనె మీద కలిపి గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేయాలి. అరకిలో మిగిలేదాకా అదే పని. మణెమ్మ రొట్టె తట్టిన చేతులతో మట్టిని నాకంటే గుండ్రంగా పరిచింది.

రెండు రోజుల్లో అసలు సంగతి తేలింది. ఆర్గానిక్ కార్బన్ అట్టడుగు స్థాయిలో ఉంది, నత్రజనీ గంధకమూ చాలవు. అందుకే ఆ పసుపు. భాస్వరం ఫరవాలేదు, అది ఏళ్ల తరబడి గుమ్మరించిన డీఏపీ. కాల్షియం మాత్రం బాగా తక్కువ. రెండేళ్లుగా పొల్లు కాయలు ఎందుకో అక్కడ తెలిసింది. వేరుశనగ పువ్వు రాలాక దాని మొదట్లోంచి ఊడ అనే సన్నని కాడ నేలలోకి దిగి కాయవుతుంది. ఆ కాయ తనకు కావలసిన కాల్షియంను వేళ్ల నుంచి అందుకోదు, చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. డీఏపీలో కాల్షియం లేదు. మొక్క గుబురుగా పెరుగుతుంది, కాయలో గింజ పడదు.

కొద్దిగా యూరియా, ఆకుల మీద ఒక గంధకం పిచికారీ వెంటనే చెప్పాను. ఊడలు దిగే వారంలో జిప్సం చల్లి, మొదళ్లకు మట్టి ఎగదోయమన్నాను. ఆ వారం దాటితే ఈ పంటకు దారి లేదని కూడా చెప్పాను.

"జిప్సమంటే?" అన్నాడు కుర్మయ్య.

"గోడలకూ సీలింగులకూ పూసే పీవోపీ ఉందే, అది తయారయ్యేది దీనితోనే."

"అవ్వో! బొంబాయిల పదేండ్లు నెత్తి మీద పూసిన. గిప్పుడు కాళ్ల కింద పూయాల్నా?"

"పూయ్యి" అంది మణెమ్మ. "ఆడ అయితె ఒకరి ఇంటికి పూసినవు."

ఆత్మకూరులో జిప్సం దొరకలేదు. కుర్మయ్య వనపర్తికి వచ్చి ఆటోలో వేసుకుపోయాడు. చల్లేటప్పుడు నేను వెళ్లాను. మేస్త్రీ చెయ్యి కదా, మొక్క మొక్కకూ ఒక్కటే మందంలో పడింది.

సంక్రాంతి దాటి మాఘంలో చేను పీకారు. మణెమ్మ మొదటి మొక్క పీకి, ఒక కాయ తెంపి వేళ్ల మధ్య నొక్కింది. గింజ నిండిన కాయ నొక్కితే అణగదు. ఇంకొకటి నొక్కింది. మరొకటి. తర్వాత దోసెడు తెంపి నా చేతిలో పోసింది. "తినున్రి. జల్లెడ పట్టలే." ఆలస్యంగా కోలుకున్న చేను కాబట్టి గొప్ప పంటేం కాదు. కానీ పొల్లు కాయలు వెతుక్కోవాల్సి వచ్చింది. కుర్మయ్య బొంబాయి వెళ్లలేదు. ఆ బ్యాగులో మరుసటి ఏటి విత్తనం పోసిపెట్టాడు.

ల్యాబ్ చెప్పేది సంచిలోని మట్టి గురించి, చేను గురించి కాదు. ఆ సంచిని చేనుకు కలిపేది మనం అడిగే ప్రశ్న. యంత్రం ఎంత మంచిదైనా ఆ ప్రశ్న అది అడగదు. ఎదుటివారి ఆత్మాభిమానం జల్లెడ పట్టిన మట్టి తెప్పిస్తుంది, మన ఆత్మాభిమానం మన నోరు కట్టేస్తుంది. నష్టపోయేది పైరు. ఆనాటి నుంచి ఎవరు వచ్చినా, ఏ ఊరివారైనా, ఆ మూడు ప్రశ్నలు అడిగాకే కలం తీస్తాను.

ఆ వేసవిలో మణెమ్మ ఇంకో సంచి తెచ్చింది. ముదురు ఎరుపు మట్టి, రాళ్లతో సహా ఉంది.

"ఎక్కడ తీశారు?"

"తొమ్మిది తావుల. జానెడు లోతు."

"ఏ చేను?"

"మీదే. మా గట్టవతల బీడు. సర్కారు తుమ్మ మొలిచింది. అమ్ముతరో అమ్మరో, మన్నెట్లున్నదో ముందైతే ఎరుకైతది గద."

నేనే పరీక్ష చేశాను. ఏమీ వేయని, ఏమీ తీయని నేల కాబట్టి అన్నీ మధ్యస్థంగా వచ్చాయి. ఆ రెండెకరాలు ఆషాఢానికి ముందే ఆత్మకూరులో మణెమ్మ పేరున రిజిస్ట్రేషన్ అయ్యాయి. ఆ మూడు ఊళ్లలో మా పేరున ఇప్పుడు భూమి లేదు.