శత్రువుల్ని రేవు దాటించిన నూకయ్య తాత

నూకయ్య తాత తన జన్మలో ఒకే ఒక్క యుద్ధం చేశాడు. అందులో తన కోటని తనే దగ్గరుండి శత్రువుకి అప్పగించాడు. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోడు.

అంతర్వేదిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. సరంగుగారనే అంటారు. మోకాళ్ళు మొరాయించేదాకా గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి, అంతే. ఎదురుగా సముద్రం ఉన్నా ఎన్నడూ అటు పోలేదు. "మనకి రెండు ఒడ్లూ కనపడాలండి" అనేవాడు. మోటారు సైకిళ్ళు, మేకలు, పెళ్ళివారు, కొబ్బరికాయల బస్తాలు, ఏవొస్తే అవి ఎక్కించుకునేవాడు. గట్టు తగాదా పడి మాటల్లేని అన్నదమ్ములిద్దరూ ఒకసారి నర్సాపురం పెళ్ళికి బయల్దేరితే, ఇద్దర్నీ ఒకే పంటు మీద తీసుకెళ్ళాడట. ఒకణ్ణి ముందు, ఒకణ్ణి వెనక, మధ్యలో అడ్డంగా ఒక గేదె.

ఇలాంటి మనిషిని పట్టుకొచ్చి నౌకాదళానికి అధిపతిని చేసింది మనవరాలు దుర్గాభవాని.

ఆ పిల్ల అమలాపురంలో కంప్యూటర్ చదువు చదువుతోంది. తోటి విద్యార్థి శ్యామ్ బాబుతో కలిసి ఫోన్లో ఆడుకునే ఒక యుద్ధం ఆట తయారుచేసింది. చదరంగంలాగా వంతులవారీ ఆట. నువ్వొక ఎత్తు వేశాక నేనొక ఎత్తు. కోటలుంటాయి, సైన్యాలుంటాయి, ఓడలుంటాయి. ఓడ బొమ్మని మాత్రం తాత పంటుని చూసి గీసింది, సరంగు గదికి వేసిన నీలం రంగుతో సహా. అది చూసిన రోజు నుంచీ రేవులో టీ తాగేవాళ్ళెవరూ తాత నోటినుంచి తప్పించుకోలేదు. "మన పంటు కంప్యూటర్లోకి ఎక్కిందండి."

కానీ ఆ ఆటలో ఓడల్ని పట్టించుకునేవాడే లేడు. మొదట్లో సైనికులు నీళ్ళలో కాలు పెట్టగానే వాళ్ళే పడవలైపోయేవారు. తాత మండిపడ్డాడు. "మనిషి నీళ్ళలో దిగితే పడవైపోతాడా? మరి మేమెందుకే ఇన్నాళ్ళు బతికింది?" దుర్గాభవాని ఆ పద్ధతి తీసేసింది. దాంతో నీటివైపు వెళ్ళేవాళ్ళే లేకుండా పోయారు. అందరూ నేలమీదే కొట్టుకున్నారు.

శనివారం ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

"తీసేయమన్నారు తాతా."

"ఎవర్ని?"

"ఓడల్ని. ఎవరూ వాడనప్పుడు ఎందుకూ దండగ అన్నారు మా సార్. సోమవారం అందరికీ చూపించాలి. ఈలోగా తీసేయాలి."

"మనది కూడానా?"

"ఉన్నదే మనది."

తాత తల గోక్కున్నాడు. టీ కొట్టు దగ్గర ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాడు కాబోలు.

ఆఖరి ప్రయత్నంగా ఒక ఆట ఆడదామంది దుర్గాభవాని. తాతకి చుట్టూ నీళ్ళున్న ఒక లంక మీద కోట, కొద్దిమంది సైనికులు, నాలుగు ఓడలు. అమలాపురంలో ఉన్న శ్యామ్ బాబుకి ఎదుటి ఒడ్డున కోట, దాని ముందు బోలెడు సైన్యం. "ఓడలు లేకపోతే గడవదని చూపించాలి తాతా, అర్థమైందా?" తాత తలూపాడు. అర్థం కానప్పుడు ఆయన ఇంకాస్త గట్టిగా ఊపుతాడు.

శ్యామ్ బాబు ఒక్క ఓడ కూడా కట్టలేదు. దిగిన వాణ్ణి దిగినట్టే కొడదామని సైన్యాన్నంతా ఒడ్డున వరసగా నిలబెట్టాడు.

"ఎవరే అమ్మలూ, ఇంతమంది రేవులో నిలబడ్డారు?"

"శ్యామ్ బాబు మనుషులు తాతా."

"ఎప్పట్నుంచి?"

"ఆట మొదలైన దగ్గర్నుంచీ."

"ఎండలోనే?"

దుర్గాభవాని నవ్వుకుంటూ స్నానానికి వెళ్ళింది. అదే పొరపాటు. శత్రువుల్ని ఓడ ఎక్కించుకోకూడదన్న నిబంధన ఆ పిల్ల ఆటలో రాయలేదు. ఎక్కించుకునే మనిషి ఒకడుంటాడని ఎవరికి తడుతుంది?

తిరిగొచ్చేసరికి శ్యామ్ బాబు సైన్యమంతా లంక మీద ఉంది. కోట మీద వాడి జెండా ఎగురుతోంది.

"ఏం చేసేవు తాతా!"

"దింపేనే."

"మరి మనవాళ్ళేరి?"

"ఖాళీగా తిరిగెళ్తామేంటి? ఇటు ఉన్నవాళ్ళని ఎక్కించుకుని అటు దింపేను."

చూస్తే నిజమే. తాత సైనికులు ఎదుటి ఒడ్డున శ్యామ్ బాబు కోట గుమ్మం ముందు తీరిగ్గా నిలబడి ఉన్నారు. లోపల ఒక్క కాపలావాడు లేడు. నాలుగు ఓడలూ వాళ్ళ పక్కనే ఉన్నాయి.

"ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇంత చురుగ్గా తిప్పలేదు" అంది నాయనమ్మ సత్యనారాయణమ్మ వంటింట్లోంచి.

అంతలో ఫోన్ మోగింది. శ్యామ్ బాబు.

"తాతగారండీ, మావాళ్ళు లంకలో ఇరుక్కుపోయేరండి. కోట ఖాళీ అండి. కాస్త వెనక్కి తెచ్చి దింపుతారా?"

"ఆయ్, దానికేముందండి బాబూ" అని తాత వేలెత్తాడు. దుర్గాభవాని ఆ వేలు పట్టేసుకుంది.

"కదపకు తాతా! వాడు నిన్ను బతిమాలుతున్నాడు, చూడు! అంత సైన్యం ఉండి ఓడ కోసం బతిమాలుతున్నాడు! ఇది సార్ చూడాలి."

తాతకి తల తిరిగిపోయింది. ఓడలకి విలువ రావాలన్నారు, బాగానే ఉంది. ఓడని నడిపితే కోట పోయింది. నడపకుండా ఆపితే విలువ వచ్చిందంటున్నారు. జనం చూస్తే రేవులో నిలబడే ఉన్నారు. ఆదివారం గుడికి వెళ్ళినా ఆయన మనసంతా ఫోన్ మీదే. "వాళ్ళు తిన్నారంటావా?" అని సత్యనారాయణమ్మని అడిగాడు. ఆవిడ జవాబు ఇక్కడ రాయకపోవడమే మంచిది.

సోమవారం మధ్యాహ్నం దుర్గాభవాని ఫోన్ చేసింది. సార్ చాలాసేపు చూశారట. ఓడలున్నవాడితో రాజీ పడందే ఎవరికీ గడవదన్నమాట, ఉంచండి అన్నారట. శత్రువుల్ని ఎక్కించుకునే వెసులుబాటు కూడా ఉంచమన్నారట, అయితే అడిగితేనే.

"మన పంటు ఉంటుంది తాతా!"

"ఉంటుంది కదా? అయితే వీళ్ళని దింపేయనా?"

"నీ ఇష్టం."

తాత లంక మీదున్న వాళ్ళందర్నీ ఎక్కించి అవతల దింపాడు, ఒక్కణ్ణి కూడా వదలకుండా. ఆ సాయంత్రమే శ్యామ్ బాబుకి ఫోన్ చేశాడు.

"ఇంతకీ గెలిచిందెవరండీ బాబూ?"

"నాకూ తెలీట్లేదండి తాతగారూ. మీ కోట నా దగ్గరుందండి, నా సైన్యం మా ఊళ్ళో ఉందండి."

"పోన్లెండి. అందరూ దిగేరా?"

"ఆయ్, దిగేరండి."