కళ్ళు మాత్రమే చూసే స్టెల్లా మేడమ్

“విస్తరి చూడకుండా నా కళ్ళలోకి చూస్తారేంటండీ, నేనేమన్నా మీకు కాబోయే అల్లుడినా?”

కంకిపాడులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర సాంబారు వడ్డిస్తున్న మనిషి స్టెల్లా మేడమ్‌ని సూటిగా అడిగిన ప్రశ్న ఇది. మేడమ్ వెంటనే కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. మరుక్షణం గరిటెడు సాంబారు, పక్కనున్న నా కొత్త మంగళగిరి చీర మీద పడింది.

“చెయ్యి మన దగ్గరుంది, కళ్ళు ఐస్‌క్రీం దగ్గరికి వెళ్ళిపోయాయి. ఒలకక ఏం చేస్తుంది?” అన్నారు.

“ముందే తెలిస్తే నాకూ చెప్పొచ్చుగా మేడమ్!”

“చెబుదామంటే నీ కళ్ళు అప్పడం మీదున్నాయి.”

ఆవిడ హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను పాత శిష్యురాలిని. ఎవరు ఏ పని చేస్తున్నా ఆవిడ చేతులు చూడరు, కళ్ళు చూస్తారు. ఓసారి మావారు కారు వెనక్కి తీస్తుంటే మేడమ్ గోడ వంక చూడనేలేదు. మావారి కళ్ళు చూసి “తగిలింది” అన్నారు. ఆ తర్వాత తగిలింది. ఊళ్ళో సగంమంది ఆవిడది నల్లనాలుక అంటారు. మిగతా సగం గురువంటే దైవం అంటారు. ఆ దైవం కబుర్లు నాకు పడవు. ఆవిడది చాదస్తం, అదీ రెప్ప వేయని చాదస్తం.

“షటిల్ కాక్ ఎక్కడుందో చూసేవాడికి కాక్ అందదే. అది ఎక్కడికొస్తుందో అక్కడికి కళ్ళు ముందే వెళ్ళి కూర్చోవాలి. చేతులు పాపం వాటి వెనకాలే వస్తాయి.” బళ్ళో చెప్పిన ఈ పాఠాన్నే ఇప్పుడు పొద్దున్నపూట ఖాళీ మైదానంలో, స్కూటీ నేర్చుకునే ఆడవాళ్ళకి చెబుతున్నారు.

మా పక్కింటి శివపార్వతి అలాగే చేరింది. తోడుగా నేనూ వెళ్ళేదాన్ని. గన్నవరం ఎయిర్‌పోర్టులో ఆమెకి ఉద్యోగం వచ్చింది. తెల్లవారుజాము షిఫ్టు. ఆ వేళకి బస్సు లేదు. స్కూటీ రాకపోతే ఉద్యోగమూ లేదు. బండి కొన్నది భర్త జయకృష్ణ. గ్యాస్ స్టవ్ వెలిగించే ముందు దేవుడి పటం వంక ఓసారి చూసే రకం.

“నువ్వు ఒక్కసారి పడ్డావని తెలిసిందా, బండి అమ్మేస్తా. జీతం లేకపోయినా బతుకుతాం. నీకేమన్నా అయితే నా వల్ల కాదు” అన్నాడు. ప్రేమే, కాదనలేం. కొందరి ప్రేమకి బ్రేకులే ఉంటాయి, యాక్సిలరేటర్ ఉండదు.

శివపార్వతి పడింది. మళ్ళీ పడింది.

“కళ్ళెక్కడమ్మా?”

“చక్రం మీదే మేడమ్! పక్కకి పోతోంది!”

“చక్రానికి దారి తెలీదు, నీ కళ్ళు చెప్పాలి. అదెక్కడుందో వదిలెయ్. ఎక్కడికెళ్ళాలో చూడు.”

శివపార్వతి తలెత్తింది. ఎదురుగా గేదె. బండి తిన్నగా దాని దగ్గరికే వెళ్ళి ఒరిగింది.

“దాన్నెందుకు చూశావు?”

“తగలకూడదని మేడమ్!”

“తగలకూడదనుకున్నదాన్నే చూస్తే దానికే తగులుతాం. పక్కనున్న ఖాళీని చూడు.”

గేదె మాత్రం దేన్నీ చూడకుండా నెమరు వేసుకుంటోంది.

కొన్నాళ్ళకి ఒక ఉదయం శివపార్వతి కళ్ళు బండి కంటే ముందే మలుపు తిరిగాయి. చేతులు, చక్రం, చున్నీ, అన్నీ బుద్ధిగా వాటి వెంట తిరిగాయి. మేడమ్ అప్పుడు రెప్ప వేశారు.

మర్నాడే జయకృష్ణ ఊడిపడ్డాడు. టీకొట్టు దగ్గర ఎవరో ఏదో ఊదారట.

“మేడమ్, మీరు చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషి. నిజం చెప్పండి. మా ఆవిడ పడిందా?”

శివపార్వతి మోచేతిని చున్నీలో దాచుకుంది.

“నేను చూడలేదు బాబూ.”

“రోజూ ఇక్కడే ఉంటారుగా!”

“ఉంటాను. కళ్ళు చూస్తుంటాను. నేను ఇంకేమన్నా చూస్తానేమో ఊళ్ళో ఎవర్నైనా అడుగు.”

జయకృష్ణ నా వంక తిరిగాడు. “ఆవిడ చాదస్తం నీకు తెలీంది కాదు గదయ్యా” అన్నాను. అతను బండి చుట్టూ ప్రదక్షిణ చేశాడు. వంగి చూశాడు, తడిమి చూశాడు. గీత లేదు.

“ఎక్కండి, ఇంటి దాకా నేనే తీసుకెళ్తా” అంది శివపార్వతి. అతను వెనక కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“అలాగే మూసుకో బాబూ” అన్నారు మేడమ్. “బండికి ఒక జత చాలు.”

బండి గేటు దాటి, తూలకుండా మెయిన్ రోడ్డు ఎక్కింది. ఒకటో తారీఖున ఆమె డ్యూటీలో చేరింది కూడా.

“నిజంగా పడటం చూడలేదా మేడమ్?” అని అడిగాను. ఎదుటివాళ్ళ కళ్ళు తప్ప ఇంకేమీ చూడని మనిషి, నన్ను వదిలేసి గేదె వంక చూశారు.

జయకృష్ణ రావడానికి ముందురోజు సాయంత్రమే ఆ స్కూటీకి ఎడమ అద్దం, ఇండికేటర్, మడ్‌గార్డు కొత్తవి వేసిన మెకానిక్ కాశింకి మేడమ్ ఇంకా పద్నాలుగు వందలు ఇవ్వాలి.