కిటికీ పిడి కోసం కృపానిధి

యుద్ధం రోజుల్లో ఒక ఉదయం ఆమదాలవలసలో, పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో నడిచే నరసన్నపేట బస్సు కదల్లేదు. బొగ్గు రాజింది, జనం ఎక్కారు, డ్రైవరు గంగులు ఇంజను తిప్పే హ్యాండిలు కోసం సీటు కింద చెయ్యి పెట్టాడు. అది కృపానిధి సంచిలో ఉంది. ధాన్యం వర్తకుడు గోవిందరావు మడతపంచె ఎగ్గట్టి, తక్కిన ప్రయాణికులతో కలిసి బస్సును తోసుకుంటూ ఊరు దాటించాడు.

ఆమదాలవలస మిషను ఆసుపత్రి కాంపౌండరు కృపానిధికి ఉన్నది ఒకటే జబ్బు. తిప్పే పిడి ఎక్కడ కనబడినా ఊడదీసి, తన కిటికీకి పడుతుందేమో చూడాలి.

ఆ కిటికీ రెక్క మనిషికి అందనంత ఎత్తు. గోడకున్న పిడి తిప్పితే తెరుచుకునేది. రెక్క మూసి ఉన్నప్పుడు పిడి విరిగింది, ఇక తెరుచుకోలేదు. దాని కిందే ఉబ్బసం మనిషి గురమ్మ మంచం. తక్కిన మంచాలన్నీ నిండి ఉన్నాయి. మద్రాసులో వాకబు చేస్తే, దాన్ని చేసిన ఇంగ్లండు కంపెనీ పిడులు మానేసి ఫిరంగి గుండ్లు చేస్తోందన్నారు.

"అద్దం బద్దలుకొట్టీ, గాలొస్తాది," అన్నాడు గోవిందరావు.

"వానా వస్తాది బావా. నీ కొట్లో తిప్పేదేటైనా ఉన్నాదా?"

"నా బుర్రున్నాది. నిన్ను సూస్తే సాలు, అదే తిరుగుతాది!"

బస్సు హ్యాండిలూ, కుట్టుమిషను పిడీ పట్టలేదు. అసిరమ్మ తిరగలి కర్ర పట్టలేదు. "ఒరే, నీ తలకాయెట్టి ఇసురుకోమంటావేటిరా?" అని ఆవిడ వీధి చివరిదాకా తరిమింది. సాయంత్రానికి కర్ర తిరిగొచ్చింది, నున్నగా చిత్రిక పట్టి మరీ.

చివరికి గోవిందరావు ఇంటికి కొత్త వియ్యాలవారు వచ్చినపూట పాట పెట్టబోతే గ్రామఫోనుకు తిప్పే పిడి లేదు. ఆయన చెప్పులైనా తొడుక్కోకుండా ఆసుపత్రికి ఉరికాడు.

"ఒరే కృపా! నా పిడేదిరా?"

నర్సు లీలారాణి నోటిమీద వేలు పెట్టింది. పాతగుడ్డ చుట్టి బిగించిన గ్రామఫోను పిడి గోడకుంది. రెక్క బార్లా తెరుచుకుంది. గురమ్మ లేచి కూర్చుని గంజి తాగుతోంది. ఒక్కచోట కుదురుగా నిలబడనివాడు కృపానిధి, ఆవిడ పక్కన విసనకర్ర పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు.

"పిడి దొరికేదాకా డ్యూటీ అయ్యాక రోజూ ఇక్కడే కూకుని ఇసిరాడండి," అంది లీలారాణి. "ఆవిడకి నా అన్నోళ్లు లేరు. ఈ సంగతి ఎవులికీ సెప్పొద్దన్నాడు."

గోవిందరావు గొంతు సగం దిగింది. మిగతా సగం వియ్యాలవారి కోసం ఉంచుకున్నాడు.

"బాగానే ఉన్నాది గానీ, అవతల పెట్టె మూగబోయి, సుట్టాలు నా మొకం సూస్తన్నార్రా!"

"కిటికీ తెరిసేసినాం గదా, పిడి ఇప్పుడు ఖాళీయే. పెట్టినీ సుట్టాల్నీ ఇక్కడికే తెచ్చీ బావా, గురమ్మ పాటడుగుతన్నాది."