అల్లుడుగారు తెచ్చిన టైర్లు

పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకి తినడం, పడుకోవడం తప్ప ఇంకో పని ఉండకూడదంటారు. నాకు మాత్రం మా నాన్న కారు టైర్ల మీద బెంగ పట్టుకుంది. డెబ్భైల నడుమ సంగతి. మాది కూచిపూడి దగ్గర పల్లె. నాకు ఎనిమిదో నెల. కాన్పు బెజవాడ ఆసుపత్రిలో అనుకున్నారు. అక్కడికి వెళ్ళాల్సింది మా నాన్న పాత అంబాసిడర్‌లో. దాని వెనక టైర్లు రెండూ అరిగి, తిరపతి వెళ్ళొచ్చినవాళ్ళ గుండుల్లా నున్నగా ఉన్నాయి.

అప్పట్లో టైర్లకి కరువు. కొట్లోకి వెళ్ళి ఇమ్మంటే ఇచ్చే రోజులు కావు. నాన్న రెండు మూడు చోట్ల చెప్పిపెట్టి, రెండు వారాలు ఓపిక పడదామన్నాడు. ఈలోగా మా ఆయన నన్ను చూడటానికి వచ్చారు. బెజవాడలో కాలేజీ లెక్చరరు, లెక్కలు చెప్పేవారు. పెళ్ళయి ఏడాదే, ఇంకా కొత్తల్లుడు. మా ఇంట్లో కొత్తల్లుడి మాటంటే కలెక్టరు ఆర్డరు. కూర మాడిందని ఆయనంటే మాడని కూర కూడా మాడినట్టే లెక్క.

"ఆ టైర్ల సంగతి నాకొదిలెయ్యండి మామయ్యగారూ" అన్నారు. వదిలేశారు. పై వారం బస్సు టాపు మీద రెండు కొత్త టైర్లు వేసుకుని దిగారు.

టైరు పక్కన అంకెలుంటాయి. మా కారువి 5.90-15, ఆ పక్కన 6 పీఆర్. మొదటిది టైరు వెడల్పు, అంగుళాల్లో. రెండోది లోపలి ఇనప చక్రం కొలత, అదీ అంగుళాల్లోనే. మూడోది టైరు ఎన్ని పొరల బలమో చెబుతుంది. ఇదంతా నాకు నాన్నే నేర్పాడు. అన్నదమ్ములు లేని ఇల్లు, జాకీ అందించేదాన్ని నేనే. మా ఆయన తెచ్చినవి 6.40-15, 4 పీఆర్.

"మనవి దొరకలేదండీ, ఇవి దొరికాయి. అక్కడా పదిహేనే, ఇక్కడా పదిహేనే, చక్రానికి చక్కగా పడతాయి. పైగా అరంగుళం వెడల్పెక్కువ. పెద్దదంటే గట్టిదేగా" అన్నారు, బోర్డు మీద రుజువు చేసి సుద్దముక్క కింద పెట్టినంత ధీమాగా.

టైరు వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది. ఎత్తు పెరిగితే బరువు పడ్డప్పుడు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. పోనీ బలమైనా ఎక్కువా అంటే, ఆరు పొరలు పోయి నాలుగొచ్చాయి. నాన్న వంగి అంకెలు చదివాడు. పెదాలు కదలడం నేను చూశాను. లేచి తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "బాగున్నాయి అల్లుడుగారూ" అన్నాడు. మా డ్రైవరు నేను పుట్టకముందు నుంచీ చక్రాలు విప్పుతున్న మనిషి. అతనూ చదివాడు. "మంచి రబ్బరండీ" అన్నాడు.

నేను వరండాలో పొట్ట పట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో మొగుణ్ణి తప్పు పట్టకని అమ్మ కళ్ళతోనే చెప్పింది. నోరు మూసుకున్నాను. నన్నెరిగినవాళ్ళెవరూ ఈ ముక్క నమ్మరు.

టైర్లు బిగించి ఖాళీ కారుని ఊరి చివరిదాకా తిప్పుకొచ్చారు. ఏ చప్పుడూ లేదు. "చూశారా" అన్నారు మా ఆయన. చూశాం. ఖాళీ కారుకి ఎలాంటి టైరైనా బాగానే ఉంటుంది.

మర్నాడు నాకు చలివిడి పెట్టడానికి పెద్దమ్మ, ముగ్గురు మేనత్తలు వచ్చారు. మా మేనత్తలు దేవుడి దయవల్ల నిండైన మనుషులు. సాయంత్రం కాఫీలయ్యాక, వాళ్ళని బస్సెక్కించడానికి కారు తియ్యమన్నాను. నలుగుర్నీ వెనకే కూర్చోబెట్టాను.

"ముందు సీటు ఖాళీగా ఉందికదే" అంది పెద్దమ్మ, ఊపిరాడక.

"అది అల్లుడుగారికి పెద్దమ్మా. ఆయన కూడా వస్తారు" అన్నాను.

కారు వెనక బరువు మోసే కమాన్ పట్టీల మీద కుంగింది. గేటు దాటి మొదటి గుంటలో పడగానే వెనక కర్ర్‌మంది. రెండో గుంటకి ఇంకా గట్టిగా. కాలిన రబ్బరు వాసన గేటు దగ్గరున్న మాకే కొట్టింది. "అయ్యో, నా బరువుకేనర్రా!" అని పెద్ద మేనత్త సిగ్గుపడిపోయింది.

మా ఆయన దిగి, టైరు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశారు. రబ్బరు మీద కత్తిపీటతో గీరినట్టు చార.

"ఇది తగులుతుందని ఇక్కడ ఎవరికీ తెలియలేదా?"

డ్రైవరు మా నాన్న వంక చూశాడు. నాన్న రోడ్డు పక్క కాలవ వంక చూశాడు.

"నాకు తెలుసు" అన్నాను.

"మరి చెప్పలేదేం?"

"మా నాన్న చెప్తాడేమోనని చూశాను."

ఆయన మొహం కందగడ్డయింది. కానీ ఉన్నమాట చెప్పాలి, ముడుచుకు కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీసి "ఏం రాసుకోవాలో చెప్పు" అన్నారు. చెప్పాను. 5.90-15, ఆరు పీఆర్, రెండూ ఒకే రకం. బుద్ధిగా రాసుకున్నారు. పది రోజులు తిరిగితే గుడివాడలో దొరికాయి. గీరుకున్నవి ఎవరో టైరుబండికి వేసుకున్నారు. కొత్తవాటి మీదే బెజవాడ వెళ్ళాను. దారిలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు, ఆడపిల్ల పుట్టింది.

చెప్పుకోవాల్సింది టైర్లు గీరుకున్న ఆ సాయంత్రమే జరిగింది. అందరూ లోపలికి వెళ్ళారు. నాన్న ఒక్కడూ కారు దగ్గర నిలబడి ఉన్నాడు. వెళ్ళి అడిగాను.

"నీకు తెలుసుగా నాన్నా?"

"తెలుసమ్మా. కొత్తల్లుడు, అంతదూరం నుంచి మోసుకొచ్చాడు. కాదంటే మొహం చిన్నబోతుందని..."

"ఆ కారులో ఎక్కాల్సింది నేను కదా."

నాన్న తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు.

"నువ్వు గుర్తు రాలేదమ్మా" అన్నాడు.

ఏదో సాకు చెప్పి ఉంటే ఊరంతా వినేలా పోట్లాడేదాన్ని. నిజం చెప్పాడు. ఏడుపొచ్చింది. బస్సు తప్పిపోయిన మేనత్తలు వరండాలో కూర్చుని ఉన్నారు. మళ్ళీ కాఫీ పెట్టాలి కదా అని లోపలికి వెళ్ళాను.